గోడవార మంద

గోవిందరాజ్ చేనుకు పడమటి వైపు గోడ లేచి మూడేళ్ళయింది. అంతకు ముందు అక్కడ నల్లరేగడి, దాని చివర సీమతుమ్మ కంపలు, కంపల అవతల కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే పెద్ద రోడ్డు, అంతే. కంపెనీవాళ్ళు వచ్చి చేనంతా అడిగారు. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళు అవి. గోవిందరాజ్ కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి, రోడ్డువైపు సగం ఇచ్చాడు. మిగతా సగం ఇవ్వనన్నాడు. ఇచ్చిన సగంలో వాళ్ళు షెడ్డు వేసి, షెడ్డులో ఒక ఇంజను నిలబెట్టారు. అతను ఇవ్వని సగంలో పైరు పెట్టుకుంటూ, ఇచ్చిన సగంలో ముంగిలి ఊడ్చే జీతానికి చేరాడు.

అది ఓడ ఇంజను. కనుచూపు మేరలో చెరువు కూడా లేని చోట ఓడ ఇంజనేమిటని ఊళ్ళో నవ్వారు. ఒకే ఒక్క సిలిండరు. అదే ఒక మేడంత ఎత్తు. అది తిరుగుతుంటే గోవిందరాజ్ ఇంట్లో అటక మీది ఇత్తడి చెంబులు సన్నగా మోగేవి. తూత్తుకుడి రేవు వైపు నుంచి ట్యాంకరు వచ్చి, గోడ లోపలి పెద్ద ట్యాంకులో దాని తాగుడు పోసి పోయేది. ఆ తాగుడు పెట్రోలు కాదు, డీజిలు కాదు. అమోనియా.

షెడ్డులో పరీక్షలు చూసే ఇంజనీరు సంగవి. విరుదునగర్ పిల్ల, రోజూ బస్సులో వచ్చి పోతుంది. షెడ్డులో అందరితోనూ తమిళమే. ఒకరోజు ఆమె ఫోనులో వాళ్ళమ్మతో "నువ్వు తినేయమ్మా, నేనొచ్చేది పొద్దుపోతాది" అనడం విని గోవిందరాజ్ తలెత్తి చూశాడు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్య తెలుగే. ఆమె చిన్నాయనా అంది. అతను పాపా అన్నాడు.

"సిన్నాయినా, ఓడలన్నీ ఇప్పుడు తారు మాదిరి నూనె కాలస్తుండాయి. ఆ పొగంతా మీదికి పొయ్యి ఆడనే నిలిసిపోతాది. ఎండ ముదిరేది, వాన తప్పేది దానివల్లే. దీంట్లో బొగ్గు లేదు. కాలితే ఆ పొగ రాదు" అని ఆమె చెప్పింది.

"యూరియాలో ఉండేది ఇదే గదా?"

"ఆమా, ఇదే. యూరియాకు తల్లి."

"పైరుకు పోసేదాన్ని ఓడకు తాపిస్తుండారు. ఇంగ పైరుకేం పోసేది?"

"మీ గొర్రిపెంట ఉండాదే" అని ఆమె నవ్వింది.

అతను నవ్వలేదు. వాన తప్పడం అన్న మాట మీదే అతని మనసు నిలిచిపోయింది. ఈ ఇంజను సరిగ్గా తిరిగితే ఎప్పటికో ఒకప్పటికి వాన వేళకు వస్తుందని ఆ పిల్ల నమ్ముతోంది. నమ్మి రోజూ బస్సెక్కి వస్తోంది. అతనూ కొంచెం నమ్మాడు. సగం చేను ఇచ్చినవాడికి నమ్మక తప్పదు.

అమోనియా పీలిస్తే ఊపిరితిత్తులు కాలతాయి, కంట్లో పడితే కన్ను పోతుంది. అందుకని షెడ్డు చుట్టూ గోడల మీద, పక్కకొకటి చొప్పున, ఆ వాసన పట్టే పెట్టెలు నాలుగు బిగించారు. కంపెనీవాళ్ళు వాటిని సెన్సార్లు అంటారు. గోవిందరాజ్ ముక్కులు అన్నాడు. తరవాత సంగవి కూడా అదే అనేది. ఏ ముక్కుకు వాసన తగిలినా అది కూత పెడుతుంది, ఇంజను తనంతట తానే ఆగిపోతుంది.

ఆ ఏడు విత్తనాలకు ముందు, ఆవణి నెలలో ఓడల సొంతదార్లు ఇంజను చూడటానికి వస్తారని కబురొచ్చింది. వాళ్ళు వచ్చేలోగా ఇంజను నాలుగు రోజులు రాత్రీ పగలూ ఆగకుండా తిరగాలి. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి లెక్క. అది జరగకపోతే షెడ్డు ఎత్తేసి ఇంకో రాష్ట్రానికి తీసుకుపోతారని పైనుంచి చెప్పారు. ఆ మాట సంగవి గోవిందరాజ్‌కి ఒక్కడికే చెప్పింది.

అదే ఆవణిలో గోవిందరాజ్ తన సగం చేలో మంద కట్టించాడు.

మంద కట్టడమంటే రాత్రిపూట గొర్రెలను చేలో వల చుట్టి పడుకోబెట్టడం. వాటి పెంట, వాటి ఉచ్చ నేలకు బలం. మరుసటి రాత్రి వల పక్కకు జరుపుతారు. అట్లా పట్టె పట్టెగా జరుపుకుంటూ చేనంతా కప్పుతారు. దీనికి మందకాపరిని తాంబూలం పెట్టి పిలవాలి. తాంబూలం చేతికిచ్చాక చేను ఈ చివర నుంచి ఆ చివరదాకా మందదే. మధ్యలో లేపి పంపడమంటే విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి రెక్క పట్టి లేపినట్టే. ఆ చేలో మళ్ళీ ఏ మందా దిగదు.

అతను పిలిచింది దొరైసామిని. ఒట్టపిడారం వైపు వాడు, వరసకు బావమరిది అవుతాడు. పలచటి మనిషి, నెత్తిన తువ్వాలు, భుజాన కంబళి, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక మాట. భార్య సెల్వరాణి, అతను కలిసి మందను నడుపుకుంటూ ఊరూరూ తిరుగుతారు. పుట్టి వారం దాటని పిల్లలను మాత్రం నడిపించరు. బోర్లించిన గంపల్లాంటి వెదురు గూళ్ళ కింద పెట్టి మూస్తారు.

తాంబూలం పుచ్చుకుంటూ దొరైసామి గోడ వైపు చూశాడు.

"ఏం బావా, ఇంట్లోకి ఓడ తెచ్చి కట్టేసుకున్నావంటనే. రేపు వెల్లం వొచ్చి ఊరు మునిగితే నువ్వొకడివే బతకతావు."

"వెల్లం ఏడొస్తాదిరా ఈడ. తాగేదానికే లేవు."

"సరిలే. అది రాత్రికి మొరగతాదా? మా జీవాలు పడుకోవాల."

"మొరగదు. సుమ్మా గుడగుడమంటా ఉంటాది. రెండు రాత్రులకు అలవాటైపోతాది."

వీరమ్మాళ్ వాళ్ళకు అంబలి పోసింది. గోవిందరాజ్ భార్య ఆమె. పొద్దున్నే శివకాశి వ్యానెక్కి అగ్గిపెట్టెల పనికి పోయి చీకటిపడ్డాక వస్తుంది. "గోడవార పట్టె మరిసేది లేదు సూడు అన్నా, ఆడనే ఏమీ మొలవడం లేదు" అని దొరైసామితో ఆమే చెప్పింది. నిజమే. గోడ కట్టేటప్పుడు లారీలు ఆ పట్టె మీదే నడిచాయి. నల్లరేగడి బండలా బిగుసుకుపోయింది. రెండేళ్ళుగా అక్కడ విత్తిన విత్తనం పైకి రాలేదు. గోవిందరాజ్ మందను పిలిచింది చేనంతటికీ అయినా, అతని కన్నంతా ఆ పట్టె మీదే. చేను సగమైపోయింది. ఆ సగంలో కూడా ఒక అంచు చచ్చిపోతుంటే చూడలేకపోయాడు.

మంద తూర్పు చివర దిగింది. రాత్రికి రాత్రి వల జరుగుతూ గోడ వైపు వచ్చింది. గోడకు దగ్గరయ్యే సమయానికి లోపల ఇంజను నాలుగు రోజుల పరుగు మొదలైంది. సంగవి, గోవిందరాజ్ రాత్రిళ్ళు కూడా షెడ్డులోనే ఉండిపోయారు.

మొదలైన మర్నాటి రాత్రే చేనువైపున్న తూర్పు గోడ మీది ముక్కు కూత పెట్టింది. ఇంజను ఆగిపోయింది.

ఆ రాత్రి గాలి లేదు. సన్నగా తుంపర పడి ఆగింది, నేల నుంచి ఆవిరి లేస్తోంది. సంగవి టార్చి పట్టుకుని బయటికొచ్చేసరికి గోవిందరాజ్ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. తల వెనక్కి వాల్చి, ముక్కుపుటాలు విప్పి, ఆ పక్కకూ ఈ పక్కకూ తిరిగాడు. గోడ అవతల గొర్రెలు దగ్గుతున్నాయి. తడిసిన ఉన్ని, ఉచ్చ, పెంట. ఘాటుగా, కళ్ళు చెమ్మగిల్లేలా. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన వాసన.

"పైపు జాయింటా సిన్నాయినా?"

"కాదు పాపా. మందే."

"నిజంగానా?"

"దీంట్లోనే పుట్టి పెరిగినా గదా. మందే."

ఆమె లోపలికి పోయి పరుగు మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. మర్నాటి రాత్రి అదే ముక్కు అదే కూత. ఇంజను మళ్ళీ ఆగింది. తెల్లవారి చూస్తే సంగవి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిందో నిద్ర లేదో అతను అడగలేదు. ఆమే అడిగింది.

"ఆ మందను నాలుగు దినాలు వేరే సేన్లోకి పంపేది కుదరదా?"

గోవిందరాజ్ వంగి గోడ అవతలికి చూశాడు. గోడ లోపలివైపు, నేలకు ఆనుకుని వాన నీళ్ళు పోయేందుకు పెట్టిన తూముల్లోంచి అవతలి చేను కనపడుతోంది. దొరైసామి ఒక గొర్రె డెక్కలో ముల్లు తీస్తున్నాడు.

"తాంబూలం ఇచ్చినా పాపా."

"తిరిగి అడిగేది లేదా?"

"లేదు."

అప్పుడు అతనే అన్నాడు. ఆ తరవాత ఎన్నిసార్లు తలచుకున్నా, ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చినట్టు ఒక్కసారైనా అనిపిస్తే బాగుండునని చూశాడు. అనిపించలేదు.

"ఆ ఒక్క ముక్కు మూసేయరాదా? గొర్రి వాసనకు మొరిగే కుక్క ఎవురికి కావాల? ఇంగా మూడుండాయి గదా."

"మూయకూడదు సిన్నాయినా. నియమం."

"నేనుండా గదా ఈ పక్క. మందదేదో ట్యాంకుదేదో నాకు తెలవదా?"

సంగవి ఆ ముక్కు మాట ఇంజను చెవిన పడకుండా కంప్యూటరులో తప్పించింది. ముక్కు మీద గోవిందరాజ్ ఒక యూరియా సంచి కప్పి తాడుతో కట్టాడు. కూత కూడా వినపడకూడదని.

మూడోసారి పరుగు మొదలైంది. ఈసారి ఇంజను ఆగలేదు. ఒక రోజు తిరిగింది, రెండు రోజులు తిరిగింది. షెడ్డులో మనుషులు మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు, నిద్రపోయే పిల్ల పక్కన మాట్లాడినట్టు. మంద గోడవార పట్టెలోకి వచ్చింది. ఇక అదే చివరిది. ఆ పట్టెకు ఒక్క రాత్రి చాలదు, మట్టి బిగుసుకుపోయింది కాబట్టి మూడు రాత్రులు అక్కడే ఉంచమని గోవిందరాజ్ అడిగాడు. దొరైసామి సరేనన్నాడు.

గోడవార గడ్డి మొనలు మాడుతున్నాయి. గోవిందరాజ్ వంగి ఒక పోచ తుంచి చూశాడు. గొర్రె ఉచ్చ ఎక్కువై పడితే గడ్డి అట్లాగే మాడుతుంది. పోచ పారేశాడు.

ఆ సాయంకాలం అంబలి తాగుతూ దొరైసామి అన్నాడు, "ఏం బావా, ఈ జీవాలు గోడ దగ్గరికి పోవడం లేదు. వలలో ఇంత సోటుంటే అన్నీ ఆ తూర్పు మూలకే పొయ్యి ఒకదాని మింద ఒకటి పడతుండాయి."

"ఇంజను సప్పుడురా."

"సప్పుడుకు మొదట్లోనే బయపడాల గదా. ఇప్పుడేమిటికి?"

"దగ్గరికి వొచ్చినాయి. అందుకు."

"కల్లు కూడా మండతుండాయి నాకు. మా సెల్వరాణి అంటుంది, ఇన్నేళ్ళు గొర్రిల్లో పండుకుని ఇప్పుడు గొర్రి వాసన పడలేదా నీకు, దొరబిడ్డవైపోయినావా అని."

సెల్వరాణి పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "అవునన్నా, రేపు కల్లద్దాలు కొనిచ్చి, గొడుగు పట్టుకుని మేపతాను ఈయప్పను."

ముగ్గురూ నవ్వారు. గోవిందరాజ్ కూడా నవ్వాడు. ఆ నవ్వు అతనికి తరవాత చాలాకాలం గుర్తుండిపోయింది.

పరుగు చివరి రోజుకు ముందు సాయంకాలం తూర్పున మబ్బు పట్టింది. పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. దొరైసామి పిల్లల గూళ్ళను ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే గోవిందరాజ్ గోడ చూపించాడు.

"గోడవార పెట్టుకో. జల్లు కొట్టదు."

గూళ్ళు వరసగా గోడకు ఆనించి పెట్టారు. వాటి కింద గొర్రెపిల్లలు ఒకదాని నోరు ఒకటి నాకుతూ కాసేపు అరిచి పడుకున్నాయి.

తెల్లవారింది. వాన తడికి గడ్డి మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ తడి గడ్డి మేస్తే గొర్రెలకు కడుపు ఉబ్బుతుంది. ఎండ వచ్చి గడ్డి ఆరేదాకా మందను వలలోనే ఉంచుతారు. అందువల్ల ఆ పొద్దున మంద ఇంకా లేవలేదు. సెల్వరాణి కూరాకు కోసం ఊళ్ళోకి పోయింది. పడమటి గాలి లేచింది. ఇంజను పరుగు పూర్తికావడానికి ఇంకో పూట ఉంది. సంగవి లోపల గాజు కిటికీ వెనక కూర్చుని, తడవ తడవకూ బొటనవేలు చూపిస్తోంది గోవిందరాజ్‌కి.

అతను షెడ్డుకు అటువైపు ముంగిట్లో నిలిచిన నీళ్ళు ఊడ్చుతున్నాడు. బస్సు టైరులోంచి గాలి వదిలినట్టు చప్పుడైంది. తలెత్తితే, పెద్ద ట్యాంకు నుంచి ఇంజను పక్కనున్న చిన్న ట్యాంకుకు పోయే పైపు దగ్గర, గోడ పక్కన, తెల్లటి పొగ బుసకొడుతోంది. అది మామూలు పొగలా పైకి లేవలేదు. చల్లగా, బరువుగా నేల మీద పడి, నీళ్ళలా పారింది. నీళ్ళు పోయే దారిలోనే పారింది. గోడ కింది తూముల్లోకి.

గాలి పడమటిది కాబట్టి షెడ్డులోకి ఒక్క పిసరు వాసన రాలేదు. మిగతా మూడు ముక్కులూ నోరు విప్పలేదు. నాలుగోదాని మీద యూరియా సంచి ఉంది.

గోవిందరాజ్ ముఖానికి ముసుగు తగిలించుకుని పరుగెత్తి పైపును మూసే ఎర్ర పిడి తిప్పాడు. బుస తగ్గింది. అప్పటికే గోడ అవతల గొర్రెల అరుపు మారిపోయింది. రోజూ వినే అరుపు కాదు. వల తెగిన చప్పుడు, డెక్కల చప్పుడు, గంటల చప్పుడు, అన్నీ కలిసి తూర్పుకు పోయాయి. పెద్ద గొర్రెలు బతికాయి. గూళ్ళ కింద ఉన్నవి ఎక్కడికి పోతాయి?

నీళ్ళు కొడితే ఆ పొగ నీళ్ళలో కలుస్తుందని అతనికి నేర్పారు. గొట్టం విప్పి కొట్టాడు. నీళ్ళు కూడా తూముల్లోంచే అవతలికి పారాయి. గొట్టం సంగవి చేతిలో పడేసి గోడలోని చిన్న గేటు తెరుచుకుని చేలోకి పోయాడు.

దొరైసామి పారిపోలేదు. తువ్వాలు ముఖానికి చుట్టుకుని ఆ తెలుపులోకి పోయి గూళ్ళు ఎత్తి పారేస్తున్నాడు. కొన్ని ఎత్తాడు. ఎత్తినా ఆ కింది పిల్లలు లేవలేదు. గోవిందరాజ్ చేరేసరికి అతను మోకాళ్ళ మీద ఉన్నాడు, ఒక పిల్లను కడుపుకి అదుముకుని, ఇంకో చేత్తో గూడు కోసం నేల తడుముతూ. కళ్ళు తెరిచే ఉన్నాయి. పాలు పోసినట్టున్నాయి.

"బావా" అన్నాడు దగ్గుతూ. "ఈడ ఇంగొక గూడుండాల. సూడు. ఈడనే పెట్టినా."

గోవిందరాజ్ అతన్ని చంకల కింద పట్టి ఈడ్చాడు. నీళ్ళ తొట్టి దగ్గర కూర్చోబెట్టి, కళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. సంగవి వచ్చి బండెక్కించేదాకా పోస్తూనే ఉన్నాడు. కోవిల్‌పట్టి పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, అంతసేపు నీళ్ళు పోసింది మంచి పని, లేకపోతే ప్రాణమే కష్టం అన్నాడు. కళ్ళ సంగతి అడిగితే మదురైకి తీసుకుపొమ్మన్నాడు. మదురైలో ఏమీ చేయలేకపోయారు.

ఆ గందరగోళంలో ఇంజను ఆపాలని ఎవరికీ తోచలేదు. చిన్న ట్యాంకులో ఉన్నది తాగుతూ అది తన పాటికి తాను తిరిగింది. మధ్యాహ్నానికి నాలుగు రోజులు నిండాయి. నిండినప్పుడు షెడ్డులో మనిషి లేడు.

వారం పోయాక పైనుంచి మనుషులొచ్చారు. తెగింది పైపు జాయింటు మధ్య బిగించే గాస్కెట్టు బిళ్ళ అనీ, అది ఒక్కసారిగా తెగలేదనీ, చాలా రోజులుగా సన్నగా కారుతూ వచ్చిందనీ తేల్చారు. అయితే మొదటి రాత్రి ముక్కు కూత పెట్టింది మందకా, జాయింటుకా అన్నది మాత్రం ఎవరికీ తేలలేదు. గోవిందరాజ్ ఆ ప్రశ్న దగ్గరే రోజూ నిద్ర లేచేవాడు.

ముక్కు ఎవరు మూశారని తమిళంలో అడిగారు.

"నేనే" అంది సంగవి.

గోవిందరాజ్ బల్లకు అవతల నిలబడి ఉన్నాడు. "నేను సెప్తేనే మూసింది అయ్యా. వాసన మందదని సెప్పింది నేను. సంచి కట్టింది నేను" అన్నాడు, తన తమిళంలో, తడబడుతూ.

వచ్చినవాళ్ళలో పెద్దాయన అతన్ని ఎగాదిగా చూశాడు. కోపం కూడా లేదు ఆ చూపులో. "ముంగిలి ఊడ్చే మనిషి మాట మీద సెన్సారు ఆపుతారా ఎవరైనా?" అని సంగవినే అడిగాడు. ఆమె తల వంచుకుంది. గోవిందరాజ్ చెప్పిన మాట కాగితం మీద ఎవరూ ఎక్కించుకోలేదు. ముక్కు మూయించడానికి సరిపోయిన మాట, తప్పులో పాలు పుచ్చుకోవడానికి సరిపోలేదు.

సంగవిని పంపేశారు. పోయే రోజు ఆమె రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే అతను పక్కన వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ చాలాసేపు వచ్చే పోయే లారీలను చూశారు.

"ఓడల వాళ్ళు ఆ నాలుగు దినాల లెక్క సూసినారంట సిన్నాయినా" అందామె. "బాగుండాదన్నారంట. ఇంజను మంచిది."

"మంచిదే" అన్నాడు.

"నీ మింద నాకేం లేదు."

అతను తల ఊపాడు. బస్సు వచ్చింది. ఆమె కిటికీ దగ్గర కూర్చుంది గానీ చెయ్యి ఊపలేదు. విరుదునగర్ వైపు బస్సు దుమ్ము అణిగేదాకా అతను అక్కడే ఉన్నాడు.

షెడ్డు ఎక్కడికీ పోలేదు. కొత్త గాస్కెట్లు, కొత్త ముక్కులు, కొత్త ఇంజనీరు. తూములు సిమెంటుతో మూశారు. గోవిందరాజ్ ఇక పనికి పోలేదు.

మరుసటి నెల పురట్టాసి వానలు ఆ ఏడు వేళకే పడ్డాయి. అతనికి విత్తాలని లేదు. వీరమ్మాళ్ విత్తనాల మూట తెచ్చి కాళ్ళ దగ్గర పడేసి, "నువ్వు విత్తకపోతే నేను వ్యాను మానుకుని విత్తతాను" అంది. సజ్జ చల్లాడు. గోడవార పట్టెలో మొదట ఏమీ రాలేదు. నేల తెల్లగా పొక్కిపోయినట్టుంది. ఇక అంతేననుకున్నాడు. తరవాత వరసగా రెండు వానలు పడ్డాయి. ఆలస్యంగా మొలకలు లేచాయి. లేచినవి ఆగలేదు.

చేను మిగతా అంతా మామూలు పచ్చ. గోడవార పట్టె మాత్రం నలుపు కలిసిన పచ్చ. ఆకు రెండింతల వెడల్పు, మొదలు బొటనవేలంత లావు. తూముల్లోంచి నీళ్ళు ఎంతదూరం పారాయో అంతదూరం, ఒక చెయ్యి చాచినట్టు, ఆ నల్లపచ్చ చేలోకి వచ్చి ఆగింది. దారిన పోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. ఇంత మంచి పట్టె ఈ చుట్టుపక్కల లేదనేవాళ్ళు. రెండేళ్ళుగా అతను అడిగింది అదే. గోవిందరాజ్ ఆ పక్కకు కలుపు తీయడానికి కూడా పోలేదు.

వెన్ను తీసే కాలంలో ఒక పొద్దున దొరైసామి వచ్చాడు. సెల్వరాణి మందను బండిబాట మీద ఆపి, అతన్ని చేతికర్రతో గట్టుదాకా తెచ్చి వదిలి వెనక్కి పోయింది. మనిషి ఇంకా పలచబడ్డాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు.

"సూసినావా బావా, మా ఇంటిది సెప్పినట్టే కల్లద్దాలు వొచ్చె. ఇంగ గొడుగొకటి కొనాల" అన్నాడు.

గోవిందరాజ్ ఎదురు వచ్చాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోతే దొరైసామి కూర్చోలేదు.

"గోడవారకు తీసకపో. పైరెట్లుండాదో సూడాల. ఆడ మూడు రాత్రులుంచమంటివి గదా."

తీసుకుపోయాడు. దొరైసామి కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులతో ఒక ఆకు అందుకున్నాడు. మొదలు నుంచి కొనదాకా బొటనవేలితో రాస్తూ పోయాడు. వెడల్పు చూశాడు. ఇంకో ఆకు పట్టుకున్నాడు. వంగి మొదలు చుట్టూ వేళ్ళు చుట్టి చూశాడు. అతని ముఖంలోకి మెల్లగా ఒక తృప్తి వచ్చింది. ఆసుపత్రి తరవాత గోవిందరాజ్ ఆ ముఖంలో చూడనిది.

"సచ్చిన నేల గదా ఇది" అన్నాడు.

"ఆమా."

"ఇట్లా పట్టిందే! మా జీవాలదేనా బావా ఇది?"

గోడ అవతల ఇంజను గుడగుడమంటోంది. గోవిందరాజ్ సిమెంటు పూసిన తూములను చూశాడు. ఆకు మీద ఆగిన ఆ చేతులను చూశాడు.

"ఆమా" అన్నాడు. "మందే."

దొరైసామి ఆకు వదల్లేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

బండిబాట మీద సెల్వరాణి మందను అదిలించింది. కోత కాని పైరు పక్కగా, గోడ వెంబడి పోతే దారి దగ్గర. ముందు నడిచే పొట్టేలు గోడ కనపడే మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. వెనక గంటలన్నీ ఆగాయి. సెల్వరాణి కర్ర ఎత్తి అరిచింది. పొట్టేలు కదల్లేదు. కాసేపటికి అది తూర్పుకు తిరిగింది. మందంతా దాని వెనక తిరిగి, చేను చుట్టూ, చాలా దూరం నుంచి, చుట్టుదారి పట్టింది.

దొరైసామి ముఖం ఆ గంటల వైపు తిరిగింది. అవి ఎక్కడ ఆగాయో, ఎటు తిరిగాయో, ఎంత దూరం నుంచి పోతున్నాయో, చివరి గంట వినపడకుండా పోయేదాకా విన్నాడు. తరవాత వేళ్ళు విప్పి ఆకు వదిలేశాడు.

"అప్పుడు కూడా ఇవి గోడ దగ్గరికి పోలేదు గదా. నన్ను బాట మీదికి తీసకపో బావా" అన్నాడు.